కొత్తగా లైసెన్స్ వచ్చింది, స్పోర్ట్స్ కారు కొనొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవాళ్లకు బండి చూసిపెడుతుంటాను. శని, ఆదివారాల్లో కొత్తవాళ్లకు డ్రైవింగ్ నేర్పుతుంటాను. ఈ రెండు పనుల వల్ల నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. ముందు కొడుకు చేస్తాడు: "అన్నా, మంచి పికప్ ఉన్న బండి ఏదైనా తగిలితే చెప్పవా?" అరగంట తర్వాత తండ్రి చేస్తాడు: "బాబూ, వాడేదో కారు అంటున్నాడు, కొనివ్వొచ్చంటావా?" ఇద్దరికీ విడివిడిగా చెప్పే మాటలే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఒక్క మాటలో చెప్పండి. కొనొచ్చా, వద్దా?

మొదటి కారుగా వద్దు. మామూలు కారు మీద ఓ ఇరవై వేల కిలోమీటర్లు సొంతంగా నడిపాక, అందులో ఒక పూర్తి వానాకాలం, కొన్ని రాత్రి ప్రయాణాలు కూడా ఉంటే, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. ఇరవై వేలు అని ఏ చట్టంలోనూ లేదు, అది నా లెక్క.

కొత్తవాడు తప్పులు చేస్తాడు. మీవాడు ఎంత బుద్ధిమంతుడైనా చేస్తాడు. అద్దం చూడకుండా లేన్ మారతాడు, మలుపులోకి దిగాక గుర్తొచ్చి బ్రేకు తొక్కుతాడు, కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ నొక్కుతాడు. ఆ చివరి తప్పు చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో జరిగితే బండి ఒక గెంతు గెంతి గేటుకు తగులుతుంది. నాలుగు వందల హార్స్‌పవర్ బండిలో జరిగితే గేటు దగ్గర ఆగదు. తప్పు అదే, కాలు అదే. నష్టం ఎంతన్నది మాత్రం కారు తేలుస్తుంది. ఆ తప్పులేవో తక్కువ ఖర్చులో అయిపోయే బండి మీద చేయనివ్వండి అంటాను.

ఎంత పవర్ ఉంటే 'ఎక్కువ' అన్నట్టు?

మన దేశంలో దీనికి గీత లేదు. పద్దెనిమిది నిండి కారు లైసెన్స్ చేతికొస్తే ఆల్టో అయినా లంబోర్గిని అయినా చట్టానికి ఒకటే. ఆస్ట్రేలియాలో అలా కాదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే మెల్‌బోర్న్, సిడ్నీల్లో, అంటే విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లో, పీ ప్లేట్ (కొత్త డ్రైవర్ అని కారుకు తగిలించే గుర్తు) మీద నడిపే కొత్త డ్రైవర్లు టన్ను బరువుకు 130 కిలోవాట్లకు మించి పవర్ ఉన్న కారు ముట్టుకోకూడదు. ఇటలీ ఇంకా కఠినం. లైసెన్స్ వచ్చిన మొదటి ఏడాది అక్కడ టన్నుకు 55 కిలోవాట్లే పరిమితిగా ఉండేది, 2024 డిసెంబర్‌లో దాన్ని 75కు పెంచి, మూడేళ్లకు పొడిగించారు.

ఈ కొలబద్ద నాకు బాగా నచ్చింది. పవర్ ఒక్కటే చూస్తే మోసపోతాం, బరువుతో కలిపి చూడాలి. బ్రోచర్‌లో బీహెచ్‌పీ ఇస్తారు కదా, దాన్ని 0.746తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. వాటిని టన్నుల్లో బండి బరువుతో భాగించండి. ఇప్పటి స్విఫ్ట్‌కు 65 దగ్గర తేలుతుంది. 150 పీఎస్ (ఇదీ దాదాపు బీహెచ్‌పీ లాంటి కొలతే) ఇంజిన్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌కు 90 లోపు. 2016లో ఇండియాకు వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి, ఆ అయిదు లీటర్ల వీ8కు, 160 దాటిపోతుంది. అంటే మస్టాంగ్‌ను మెల్‌బోర్న్‌లో కొత్త డ్రైవర్‌కు ఇవ్వరు. మనం 'మామూలు సెడాన్' అనుకునే వర్టస్ 1.5ను ఇటలీలో ఇవ్వరు.

నా సొంత గీత ఎక్కడంటే, మొదటి కారుకు 75 లోపు, రెండో కారుకు 100 లోపు.

మావాడు నెమ్మదిగానే నడుపుతాడండీ. పవర్ ఉన్నంత మాత్రాన వాడాలని ఏముంది?

నిజమే, వాడాలని లేదు. కానీ వాడకుండా ఉండటానికి కూడా కాలికి అలవాటు కావాలి. యాక్సిలరేటర్‌ను ఎంత నొక్కితే ఎంత కదులుతుందో పాదానికి తెలియడానికే కొన్ని నెలలు పడుతుంది.

నా సంగతే చెబుతాను. 2014 ఆగస్టులో, అప్పటికి నాకు పదేళ్ల అనుభవం. ఓ ఫ్రెండ్ వెనక చక్రాలకు పవర్ వెళ్లే సెడాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. నానక్‌రామ్‌గూడ దగ్గర నన్ను నడిపి చూడమన్నాడు. సన్నగా తుంపర, రోడ్డు మీద నూనె తేలినట్టు మెరుపు. ర్యాంప్ మలుపులో స్టీరింగ్ ఇంకా తిప్పే ఉంది. పెద్ద వేగం కూడా లేదు, నలభైలో ఉంటానేమో. కొంచెం నొక్కాను. బండి వెనక భాగం నన్ను దాటి ముందుకు రావాలని చూసింది. రెండు సెకన్లలో మేం వచ్చిన దారికి మొహం పెట్టి నిలబడ్డాం. వెనక అలాయ్ వీల్ డివైడర్‌కు కొట్టుకుని వంగింది. తర్వాత చూస్తే డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపుపచ్చ దీపం వెలుగుతోంది. నాకు 'అసలు మజా' చూపించాలని మావాడు ముందే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసి ఉంచాడట.

బండి జారుతుంటే అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేసి, ఇంజిన్ పవర్ కోసేసి బండిని దారిలో ఉంచే సిస్టమ్ అది. అది ఉన్నంతసేపూ మనమే బాగా నడుపుతున్నాం అనిపిస్తుంది. ఆ రోజు వెనక లారీ రాలేదు కాబట్టి ఇది రాస్తున్నాను. ముందు చక్రాలు తిరిగే చిన్న బండి అయితే అదే తప్పుకు మహా అయితే మలుపు కాస్త వెడల్పుగా తిరిగేది, కాలు తీస్తే మళ్లీ దారిలో పడేది. అప్పుడు ఏం చేయాలో కొత్తవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, భయంతోనే కాలు తీస్తాడు. వెనక చక్రాల బండిలో మాత్రం మలుపు మధ్యలో ఠక్కున కాలు తీసినా బండి గిర్రున తిరిగే అవకాశం ఉంది.

ఓఆర్ఆర్ మీద 120 వరకు అనుమతే ఉంది కదా?

ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో వంద నుంచి 120కి పెంచారు. ఆ ఇరవై తేడా ఏం చేస్తుందో కాగితం మీద చూద్దాం.

పొడి రోడ్డు, మంచి టైర్లు, సరిగ్గా ఒక సెకనులో బ్రేకు మీద కాలు పడింది అనుకుందాం. 60లో ఉంటే బండి ఆగడానికి సుమారు 35 మీటర్లు పడుతుంది. 100లో 77 మీటర్లు. 120లో 104. ఇప్పుడు 77 మీటర్ల దూరంలో బ్రేక్‌డౌన్ అయి, వెనక లైట్లు కూడా లేకుండా ఆగిన లారీ కనిపించింది. వందలో వచ్చినవాడు దాని వెనక చెక్కను తాకీ తాకనట్టు ఆగుతాడు. 120లో వచ్చినవాడు అదే చోటికి చేరేసరికి ఇంకా 74 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. ఇరవై తేడా అక్కడ డెబ్బై నాలుగు అవుతుంది. నమ్మకం లేకపోతే మీ పిల్లాడినే లెక్క వేయమనండి, ఇంటర్ ఫిజిక్సే.

చిన్న కారులో 120కి చేరేసరికి ఇంజిన్ అరుస్తుంది, గాలి హోరు, స్టీరింగ్ తేలికైపోతుంది. బండే చెబుతుంది చాలు బాబూ అని. ఖరీదైన కారులో 120 అంటే డ్రాయింగ్ రూమ్‌లో కూర్చున్నట్టు ఉంటుంది. కొత్తవాడు మీటర్ చూసి కాదు, ఒంటికి తెలిసేదాన్ని బట్టి వేగం అంచనా వేస్తాడు. ఆ ఒళ్లే తెలియకుండా పోతుంది ఇక్కడ.

అలాంటి కార్లకు సేఫ్టీ కూడా ఎక్కువే కదా? ఆరు ఎయిర్‌బ్యాగులు, అయిదు స్టార్లు...

అవన్నీ కావాల్సినవే, కాదనను. కానీ స్టార్లు ఎలా వస్తాయో తెలుసుకోండి. 2023 అక్టోబర్‌లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ అయినా, అంతకుముందు గ్లోబల్ ఎన్‌క్యాప్ అయినా ఎదుటి నుంచి గుద్దే పరీక్షను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. ఇందాకటి లారీ లెక్కలో మిగిలిన వేగం 74. పైగా గుద్దుడులో ఉండే శక్తి వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఎయిర్‌బ్యాగులు మీవాడికోసం, సరే. ఎదుటి బైకు మీద ఉన్నవాడికి ఎయిర్‌బ్యాగ్ ఉండదు.

పవర్ ఉంటే ఓవర్‌టేక్ త్వరగా అయిపోతుంది, అది మంచిదే కదా?

అనుభవం ఉన్నవాడి చేతిలో మంచిదే. శ్రీశైలం రోడ్డు లాంటి రెండు లేన్ల దారిలో బస్సును దాటాలంటే బక్క ఇంజిన్ బండికి ప్రాణం మీదికి వస్తుంది, నాకూ తెలుసు. అయితే అక్కడ అసలు విద్య దాటడం కాదు. ఎదురుగా వచ్చే బండి ఎంత వేగంగా దగ్గరవుతోందో కంటితో కొలవడం. అది ఏళ్ల మీద వస్తుంది. బలహీనమైన బండి ఉన్నవాడు అనుమానం వస్తే ఆగిపోతాడు. పవర్ ఉన్నవాడు 'దూరిపోవచ్చులే' అనుకుంటాడు.

ఇంకోటి ఎవరూ ఆలోచించరు. విజయవాడ హైవే మీద డివైడర్ సందు దగ్గర ఆగిన బైకు పెద్దాయన దూరంగా కనిపించే కారును చూసి, అది మామూలుగా ఎనభైలో వస్తోందనుకుని రోడ్డు దాటతాడు. మీరు నూట నలభైలో ఉన్నారని ఆయనకు తెలియదు.

ఎలక్ట్రిక్ కారైతే? శబ్దం లేదు, గేర్లు లేవు, నడపడం తేలికట కదా.

నడపడం తేలిక, నిజం. ఆ తేలికతోనే నాకు భయం. పెట్రోల్ బండి పవర్ ఇంజిన్ తిరిగేకొద్దీ పెరుగుతూ వస్తుంది, శబ్దంతో హెచ్చరిస్తుంది. ఎలక్ట్రిక్ మోటార్ కాలు పడగానే మొత్తం బలం ఇచ్చేస్తుంది. మహీంద్రా బీఈ 6 సంగతే చూడండి. చిన్న బ్యాటరీ మోడల్‌కే 170 కిలోవాట్లు, పెద్దదానికి 210, వెనక చక్రాల డ్రైవ్. పదేళ్ల క్రితం అలాంటి పవర్ కావాలంటే జర్మన్ షోరూమ్‌కు వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు మామూలు కుటుంబం ఈఎంఐలో తెచ్చుకుంటోంది. అందుకే 'మేం స్పోర్ట్స్ కారు కొనలేదండీ' అనే తల్లిదండ్రులను కూడా ఓసారి ఆ కొలబద్ద తీయమంటాను. బరువు వల్ల అది 130 దాటదు కానీ నా 75 గీతకు చాలా పైనే ఉంటుంది. కొన్నాక వెనక్కి ఇవ్వలేరు కాబట్టి, అందులో ఉన్న మోడ్‌లలో నెమ్మదైనదాన్ని పెట్టి, రేస్ మోడ్ జోలికి పోవద్దని ఒట్టు వేయించుకోండి.

ఇంకా పద్దెనిమిది నిండలేదు, ఇంటి చుట్టుపక్కలే నడుపుతాడు. పర్లేదా?

పర్లేదు అనే మాటే లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి ఓనర్‌కో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.

2024 మే 19 తెల్లవారుజామున పుణెలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. పోర్షే టైకాన్ ఢీకొని బైకు మీద ఉన్న ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. నడిపింది 17 ఏళ్ల అబ్బాయి అని పోలీసులు కేసు పెట్టారు, తండ్రినీ అరెస్టు చేశారు. కోట్ల రూపాయల ఆ కారుకు 1,758 రూపాయల ఫీజు కట్టక పర్మనెంట్ రిజిస్ట్రేషనే కాలేదు. నాకు ఆ అంకె మర్చిపోవడం కావట్లేదు.

పద్దెనిమిది నిండినవాడికైనా, నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష ఉంది. పాత ఐపీసీలో రెండేళ్లే.

ఇన్సూరెన్స్ ఎంత అవుతుంది?

థర్డ్ పార్టీ ప్రీమియం ఇక్కడ డ్రైవర్ వయసును బట్టి ఉండదు, ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ లోపు ఏడాదికి 2,094, 1,500 సీసీ లోపు 3,416, ఆపైన 7,897 రూపాయలు. అసలు భారం ఓన్ డ్యామేజ్ (మన బండికే అయ్యే నష్టం) భాగంలో పడుతుంది, అది బండి విలువను బట్టి. నడిపేవాడికి సరైన లైసెన్స్ లేకపోతే మీ బండి నష్టానికి క్లెయిమ్ రాదు, అంతే.

సెకండ్ హ్యాండ్‌లో చవకగా వస్తోంది. కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకే!

ఈ మధ్య ఒక తండ్రీకొడుకులు ఎర్ర రంగు కారు చూడటానికి రమ్మన్నారు. తండ్రి మైలేజీ అడిగాడు. అమ్మేవాడు నవ్వాడు. కొడుకు ఎగ్జాస్ట్ అడిగాడు. అమ్మేవాడు స్టార్ట్ చేసి వినిపించాడు, కుర్రాడి మొహం వెలిగిపోయింది. నేను వంగి టైరు పక్కనున్న నాలుగు అంకెలు చదివాను: 2317. అంటే 2017లో ఇరవై మూడో వారంలో తయారైన టైరు. గీతలు బాగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం గోరుతో నొక్కితే దిగడంలేదు. నాలుగూ మార్చాలంటే ఎంతవుతుందో ఫోన్‌లో కనుక్కుని చెప్పాను. ఆయన వచ్చే నెల కట్టాల్సిన కాలేజీ ఫీజు గుర్తొచ్చినట్టుంది, జేబురుమాలు తీశాడు.

చవకైన కారుకు సామాన్లు చవకగా రావు. కారు ధర పడిపోతుంది, బ్రేకు డిస్కుల ధర పడదు. డబ్బు సరిపోక పాత టైర్లు, అరిగిన ప్యాడ్లతో నడుపుతారు, అప్పుడు పవర్ మాత్రమే మిగులుతుంది. మీటర్ తిప్పారా, యాక్సిడెంట్ బండా అన్నది సర్వీస్ రికార్డులో చూడండి. ఢిల్లీ నుంచి తెచ్చిన బండి అయితే ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ లెక్క వేశాకే చవకో కాదో తేల్చండి. ఇంకా చిన్న విషయం, కొనేముందు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ ఒకసారి దింపి చూడండి. ముక్కు రోజూ గీసుకుంటుంటే ఆ ముచ్చట వారంలో తీరిపోతుంది.

మామూలు కారే కొని ట్యూనింగ్ చేయిస్తే?

రీమ్యాప్ చేసి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి, పవర్ పెంచుతారు, బ్రేకులు మాత్రం పాతవే ఉంటాయి. ఇంతకంటే తలకిందుల పని లేదు. చట్టప్రకారం కూడా ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండి మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

మావాడు అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ మస్టాంగ్ చవక అంటున్నాడు.

బండి చవకే. ఇన్సూరెన్స్ కోట్ తీసుకోమనండి ముందు. అక్కడ వయసు, మోడల్, డ్రైవింగ్ రికార్డు అన్నీ చూస్తారు. పాతికేళ్ల లోపు కుర్రాడు, కొత్త లైసెన్స్, వీ8 ఇంజిన్, మూడూ కలిస్తే కోట్ చూసి వాడే కరోలా వెతుక్కుంటాడు. మరీ చవకగా దొరికిందంటే సాల్వేజ్ టైటిల్ ఏమో చూడమనండి, అంటే ఒకసారి తుక్కు కింద లెక్కగట్టిన బండి.

వర్జీనియాలో ఉంటే ఇంకో మాట. అక్కడ గంటకు 85 మైళ్లు దాటితే స్పీడింగ్ టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్, క్రిమినల్ కేసు. ఏడాది వరకు జైలు పడే అవకాశం ఉంది. లిమిట్ 70 ఉన్న ఇంటర్‌స్టేట్ మీద ఆ బండిలో 86 అంటే కాలు కాస్త బరువుగా పెట్టడమే. వీసా ఫారంలో అరెస్టుల గురించి అడిగే ప్రశ్న ఎప్పటికీ ఉంటుంది. బ్రిటన్‌లో అయితే లైసెన్స్ వచ్చిన రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది, మళ్లీ లెర్నర్ దగ్గర నుంచి మొదలు.

అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు వేరే నియమాలున్నాయి. టెక్సాస్‌లో 18 లోపు వాళ్లు మొదటి ఏడాది అర్ధరాత్రి నుంచి అయిదింటి దాకా నడపకూడదు, ఇంటివాళ్లు కాని 21 లోపు వాళ్లను ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. ఈ రెండో నియమం మన దగ్గర కూడా ఇంట్లో పెట్టుకోవచ్చు. ముగ్గురు ఫ్రెండ్స్ ఎక్కి పాట పెద్దగా పెట్టాక నెమ్మదైన పిల్లాడు కూడా వేరే మనిషి అయిపోతాడు.

మరి వాడి సరదా తీరేదెలా? ఎప్పుడూ వద్దు అంటే ఎలా వింటాడు?

వద్దు అనకండి, చోటు మార్చండి. ముందు గో-కార్టింగ్‌కు తీసుకెళ్లండి. నేల దగ్గరగా కూర్చుని, వెనక చక్రాలు జారితే నడుముకు ఎలా తెలుస్తుందో అక్కడ ప్రమాదం లేకుండా అర్థమవుతుంది. నిజంగా పిచ్చి ఉన్నవాడైతే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేస్ ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, అక్కడ రేసింగ్ నేర్పేవాళ్లూ ఉన్నారు. నా దగ్గర నేర్చుకున్న ఒకడు అలా వెళ్లొచ్చాడు. వచ్చాక "అన్నా, అక్కడ హెల్మెట్ పెట్టుకుని కూడా భయమేసింది, ఓఆర్ఆర్ మీద ఏం చేసేవాణ్ణో" అన్నాడు. ఆ తర్వాత నాన్నగారి పాత వ్యాగన్ ఆర్‌తోనే ఏడాది సర్దుకున్నాడు.

వద్దన్నవి సరే, కొనాల్సింది ఏది?

ఆరు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న 80 నుంచి 90 హార్స్‌పవర్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్ అయితే ఇంకా మంచిది, బండి ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. రంగు, అలాయ్ వీల్స్ వాడి ఇష్టానికి వదిలేయండి. అక్కడ మీరు ఓడిపోతే ఇక్కడ గెలుస్తారు.

మీరేం నడుపుతారు?

పాత స్విఫ్ట్ డీజిల్. టర్బో మేల్కొనేది రెండు వేల ఆర్‌పీఎం దగ్గర. అప్పటిదాకా సిగ్నల్ దగ్గర వెనకవాడు హారన్ కొడుతూనే ఉంటాడు.